రాయగడ శివారులో స్థలం కొనాలా, అద్దెకే ఉండాలా? రైల్వే డివిజన్ వస్తోందంటే అందరూ తొందరపెడుతున్నారు

పార్వతీపురం ప్యాసింజర్:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు జేకేపూర్ పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా ఒడిశాలోని ఈ రాయగడలోనే అద్దెకుంటున్నారు, నాకు విజయనగరంలో ఉద్యోగం. రైల్వే డివిజన్ ఖాయమయ్యాక ఇంటాయన అద్దె పెంచుకుంటూ పోతున్నాడు, ఇప్పుడైతే ఏకంగా "రైల్వేవాళ్లకి ఇచ్చుకుంటాం, మీరు వేరే చూసుకోండి" అనే దాకా వచ్చింది. ఇంకోపక్క మా బంధువొకాయన ఊరి బయట ఒక లేఅవుట్‌లో స్థలం చూపించి, ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కట్టేయమని ఒకటే పోరు. ఆలస్యమైతే రేటు మారిపోతుందట. మాకున్నదంతా ఊడ్చి పెడితే గానీ ఆ డబ్బు కూడదు. డివిజన్ వల్ల నిజంగా అంత జనం వస్తారా, ఊరు అటువైపు పెరుగుతుందా, ఒడిశాలో స్థలం కొనాలంటే ఏమేం చూడాలి? ఊళ్లో ఉన్నవాళ్లు చెప్తే ధైర్యంగా ఉంటుంది.

ప్లాట్ల సత్తిబాబు:
బాబూ, నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నా మాట ఆ లెక్కలోనే తీసుకో. 2025 జనవరి 6న ప్రధాని రాయగడ డివిజన్ భవనానికి శంకుస్థాపన చేశారు, ఇది ఇక ఆగేది కాదు. 2011 జనాభా లెక్కల్లో రాయగడ మున్సిపాలిటీ 71 వేల చిల్లర, అప్పటినుంచి లెక్కే లేదు, ఊళ్లో తిరిగితే ఎంత పెరిగిందో నీకే కనబడుతుంది. కాశీపూర్ వైపు అల్యూమినా ఫ్యాక్టరీ, తెరువలిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ, జేకేపూర్‌లో పేపరు, వీటన్నిటికీ బ్యాంకు పనికైనా బట్టలకైనా డాక్టరుకైనా రాయగడే దిక్కు. ఊరి మధ్యలో ఖాళీ జాగా ఎక్కడుంది చెప్పు, ఒకపక్క కొండ, ఒకపక్క నాగావళి. శివారుకి పోక తప్పదు. కాగితాలు సరిగ్గా ఉంటే కొనుక్కో, వెనక్కి చూసుకోనక్కర్లేదు.

లోకో షెడ్డు తమ్ముడు:
రైల్వేలో ఉన్నవాడిగా కొంచెం లోపలి సంగతి చెప్తాను. డివిజన్ అనగానే వేలమంది కుటుంబాలతో దిగిపోతారనే ప్రచారం జరుగుతోంది. ఈ డివిజన్ కొత్తగా పుట్టింది కాదు, విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్ని రెండుగా చేస్తే వచ్చింది. 2019 ఫిబ్రవరిలో విశాఖకి సౌత్ కోస్ట్ జోన్ ప్రకటించినప్పుడే రాయగడ డివిజన్ కూడా ప్రకటించారు. కొత్తవలస నుంచి బచేలి లైను, కూనేరు నుంచి తెరువలి, సింగపూర్ రోడ్ నుంచి కోరాపుట్, పర్లాకిమిడి నుంచి గుణుపురం, ఇవి రాయగడ కిందికొస్తాయి. లైన్ల మీద పనిచేసే ట్రాక్‌మన్, స్టేషన్ మాస్టరు, లోకో పైలట్ ఇప్పుడెక్కడున్నారో అక్కడే ఉంటారు, కోరాపుట్‌లో ఉన్నవాడు కోరాపుట్‌లోనే. రాయగడకి కొత్తగా వచ్చేది డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసు, కంట్రోలు, పర్సనల్, అకౌంట్స్, ఇలాంటి ఆఫీసు స్టాఫు.

అందులో చాలామంది ఇప్పుడు విశాఖలో ఉన్నవాళ్లే. అక్కడ సొంతిల్లు ఉంటుంది, భార్య అక్కడే ఏదో ఉద్యోగం చేస్తుంటుంది, పిల్లల కాలేజీ అక్కడ. వాళ్లు సంసారం ఎత్తుకుని రారు, ఒక్కళ్లే వస్తారు. శుక్రవారం సాయంత్రం రైలెక్కి సోమవారం పొద్దుటికి దిగుతారు, విశాఖ-దుర్గ్ వందే భారత్ కూడా రాయగడలో ఆగుతోంది కదా. పైగా రైల్వే తన జాగాలో తను క్వార్టర్లు కడుతుంది. కాబట్టి వచ్చేవాళ్లకి కావాల్సింది స్టేషన్‌కి నడిచివెళ్లే దూరంలో గది, నీళ్లు, మంచి మెస్సు. ఊరి బయట పొలంలో ప్లాటు వాళ్లెందుకు కొంటారు? కొనేది వేరేవాళ్లు, రేటు పెరుగుతుందని కొనేవాళ్లు. ఆ తేడా మనసులో పెట్టుకోండి.

నాగావళి గట్టు:
నేను ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడే పంతులుగా పనిచేశాను. మన తెలుగువాళ్లు ఇక్కడికి ఎక్కణ్ణుంచో వచ్చిపడ్డారనుకునే కుర్రాళ్ల కోసం ఒక మాట: 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లానే. రాయగడ జిల్లా మాత్రం 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయింది. జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులొచ్చాయి, ఊరికి ఒక ఊపు వచ్చింది. దానికి ముందు 1962లో పేపరు మిల్లు మొదలైనప్పుడు ఇంకో ఊపు. మిల్లులో పర్మనెంటు ఉద్యోగికి కాలనీ ఉంది, కుళాయి ఉంది, బడి ఉంది. కాంట్రాక్టు కూలీకి, వెదురు లారీల మీద బతికేవాడికి, టీకొట్టు పెట్టుకున్నవాడికి ఏ కాలనీ లేదు, వాళ్లంతా చుట్టుపక్కల ఎక్కడ జాగా కనబడితే అక్కడ పాకలు వేసుకున్నారు. కొన్నాళ్లకి ఆ పాకలే వీధులయ్యాయి, కాలువలు మాత్రం ఇవాళ్టికీ సరిగ్గా లేవు. ఈసారి కూడా డివిజన్ ఆఫీసు అద్దాలతో బ్రహ్మాండంగా కడతారు, ఆ ఆఫీసుకి టీ పట్టుకెళ్లే కుర్రాడు ఎక్కడ ఉండాలన్నది ఎవరికీ పట్టదు, నా బెంగ అదే.

ఇంకొకటి. 2017 జూలై వరదలు మరిచిపోకండి. తెరువలికీ సింగపూర్ రోడ్‌కీ మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. కొండ మీద వాన పడితే గెడ్డలు గంటల్లో పొంగుతాయి. ఎండాకాలంలో చూస్తే ఆ గెడ్డ ఒట్టి ఇసక దారిలా ఉంటుంది, దాన్ని ఎర్రమట్టితో పూడ్చి రాళ్లు పాతేస్తే ఇక్కడ నీరు పారేదని కొనేవాడికి ఏం తెలుస్తుంది? స్థలం చూడ్డానికి ఎండాకాలం వెళ్లొద్దు నాయనా, ఆగస్టులో వాన వెలిసిన మర్నాడు వెళ్లు.

దస్తావేజు మావయ్య:
ప్యాసింజర్ గారూ, అడ్వాన్స్ మాట పక్కనపెట్టి ముందు ఖాతా నంబరు, ప్లాటు నంబరు అడగండి. ఇవ్వనన్నాడంటే అక్కడితో ఆపేయండి. ఇచ్చాడంటే ఒడిశా భూలేఖ్ సైట్‌లో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) పెట్టి చూస్తే పర్చా, అంటే భూమి హక్కుల కాగితం, కనిపిస్తుంది. పర్చాలో ముఖ్యంగా చూడాల్సినవి చెప్తాను, ఇవి ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకి అలవాటు లేనివి.

రైతు పేరు పక్కన తండ్రి పేరు, ఆ తర్వాత జాతి అని ఉంటుంది, అంటే కులం. రాయగడ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఆదివాసీ ప్రాంతం. 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుడికి పోకూడదు. మొదట్లో అధికారి అనుమతితో అమ్ముకునే వీలుండేది, 2002 సవరణతో అదీ పోయింది, ఇప్పుడు పూర్తిగా నిషేధం. కాబట్టి ఇవాళ పర్చాలో ఉన్న పేరు ఒక్కటి చూస్తే చాలదు. 1956కీ 2002కీ మధ్య ఆ భూమి ఏ ఆదివాసీ కుటుంబం నుంచైనా చేతులు మారిందా, మారితే ఆనాడు అనుమతి కాగితం ఉందా అన్నది పాత ఖతియాన్ (పాత భూమి రికార్డు) తీయించి చూసుకోవాలి. ఆ అనుమతి లేకపోతే ఎన్ని చేతులు మారినా భూమి అసలు కుటుంబానికి తిరిగి వెళ్లవచ్చు.

తర్వాత కిసమ్, అంటే భూమి రకం. పొలమైతే సారదా అనో మరోటో ఉంటుంది, ఇల్లు కట్టుకోవాలంటే ఘరబారిగా, అంటే ఇంటి జాగాగా, మారి ఉండాలి. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దార్ మారుస్తారు, దానికి ఫీజుంది. "అది తర్వాత చేయించుకోవచ్చు" అని అమ్మేవాడు అంటాడు. తర్వాత తిరిగేది మీరే, కాబట్టి చేయించి ఇమ్మని అడగండి.

కొలతల విషయం కూడా. పర్చాలో ఎకరాలు, డెసిమల్స్ ఉంటాయి. ఒక డెసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు. 0.040 అని ఉంటే నాలుగు సెంట్లు, 1742 చదరపు అడుగులు. గుంట అని చెప్తే మాత్రం ఆగి అడగండి, ఒడిశాలో గుంట అంటే ఎకరంలో ఇరవై ఐదో వంతు, తెలంగాణవాళ్ల గుంట నలభయ్యో వంతు. లేఅవుట్ 500 చదరపు మీటర్లు దాటితే రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టరు కావాలి, ఆ నంబరు కూడా అడగండి.

పార్వతీపురం ప్యాసింజర్:
మావయ్యగారూ, చాలా చాలా థాంక్స్. ఇందులో ఒకటి నన్ను బాగా భయపెట్టింది. మా బంధువు చెప్పిన ప్లాన్ ఏంటంటే, భూమి అక్కడ ఊళ్లో ఒకాయన పేరునే ఉంటుంది, మనకి అగ్రిమెంటు, వందేళ్ల లీజు కాగితం ఇస్తారు, ఇల్లు మనం కట్టుకోవచ్చు, "ఈ ప్రాంతంలో అందరూ ఇలాగే చేస్తారు" అని. ఆ ఊళ్లో ఒకాయన ఆదివాసీయే అయ్యుంటాడని ఇప్పుడు అర్థమవుతోంది.

మన్యం కుర్రాడు:
అన్నా, మాది జాతాపు ఆదివాసీ కుటుంబం. మా అమ్మవాళ్లది గుమ్మలక్ష్మీపురం వైపు, నాన్నవాళ్లది ఇటు రాయగడ పక్కన. కూనేరు దగ్గర గీత గీసి అటు ఆంధ్ర, ఇటు ఒడిశా అన్నారు గానీ మా పెళ్లిళ్లు, పండగలు అన్నీ ఒకటే. ఆ "ఊళ్లో ఒకాయన" లాంటివాళ్లు మా ఇళ్లలోనే ఉన్నారు కాబట్టి చెప్తాను.

ఎలా జరుగుతుందంటే, ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తుంది, విశాఖ తీసుకెళ్లాలి, డబ్బు కావాలి. ఎవరో వచ్చి చేతిలో పెడతాడు, ఒక తెల్లకాగితం మీద వేలిముద్ర. అప్పటికి అది అప్పు. ఏడాది తిరిగేసరికి పొలం చుట్టూ సిమెంటు స్తంభాలు పాతుతాడు. పర్చా మా తాత పేరునే ఉంటుంది, పన్ను రసీదు మా పేరునే వస్తుంది, లోపల కాలు పెట్టనివ్వరు. ఇలాంటి చోటే మీలాంటి వాళ్లకి లీజు కాగితం ఇస్తారు. మీరు దాచుకున్నదంతా పోసి ఇల్లు కడతారు, రేపు మా పిల్లల్లో ఒకడు చదువుకుని సబ్‌కలెక్టర్ దగ్గర కేసు వేస్తే మీ ఇల్లు నిలవదు, వేయకపోతే మా భూమి మాకు రాదు. మధ్యలో కాగితం రాసినవాడు మాత్రం డబ్బు తీసుకుని ఇంకో ఊరికి పోయుంటాడు. మీ మీద నాకు కోపం లేదు అన్నా, మీ నాన్నగారు ఇక్కడ చెమటోడ్చినవారే. దయచేసి ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

ప్లాట్ల సత్తిబాబు:
తమ్ముడు చెప్పింది నిజం, అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల సక్రమంగా చేసుకునే మాకూ చెడ్డపేరు. నేను జనరల్ పర్చా (ఆదివాసీయేతరుల పేరున ఉన్నది) తప్ప ముట్టుకోను, పాత ఖతియాన్ నా ఖర్చుతో తీయించి చూపిస్తాను. కానీ అందరూ ఒకటి గమనించండి. ఆంధ్రలో ఏజెన్సీకీ ఇక్కడికీ తేడా ఉంది. అక్కడ 1970 సవరణ తర్వాత గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మలేడు. ఇక్కడ ఆ అడ్డు లేదు, జనరల్ భూమి జనరల్ వాళ్ల మధ్య తిరుగుతుంది. అందుకే విజయనగరం, పార్వతీపురం డబ్బు కూడా ఇటొచ్చి పడుతోంది. చుట్టూ ఉన్న భూమిలో చట్టప్రకారం అమ్మకానికొచ్చేది కొంచెమే, కొనేవాళ్లు రెండు రాష్ట్రాల వాళ్లు. రేటు పెరగక ఏమవుతుంది? నేను పెంచుతున్నానని తిడతారు గానీ సరుకే లేదు.

కస్తూరినగర్ అక్క:
నేను టిఫిన్ సెంటర్ నడుపుతాను. స్థలాల సంగతి మీరు మాట్లాడుకోండి, నేను అద్దె సంగతి చెప్తాను, ఎందుకంటే ఊళ్లో స్థలం కొనేవాళ్లకన్నా అద్దెకుండేవాళ్లమే ఎక్కువ.

నా కొట్టు అద్దె పెరిగింది, ఇంటి అద్దె పెరిగింది, రెంటికీ కలిపి అడ్వాన్స్ పెంచమన్నారు. ఇడ్లీ రేటు ఒక్కసారిగా పెంచలేను, పొద్దున్నే నా దగ్గర తినేది ఆటోవాళ్లు, తాపీ పనివాళ్లు, సంతకి కూరగాయలు మోసుకొచ్చే డొంగ్రియా ఆదివాసీ ఆడవాళ్లు. వాళ్లు రాత్రి చీకటితోనే నియమగిరి కొండల నుంచి బయల్దేరి పసుపు, అనాస, నారింజ తెస్తారు. అయిదు రూపాయలు పెంచితే ప్లేటు బదులు సగం ప్లేటు అడుగుతారు, కళ్లారా చూస్తున్నా. నా దగ్గర చట్నీ రుబ్బే అమ్మాయి కొలనారా వైపు నుంచి వస్తుంది. ఇదివరకు ఊళ్లోనే గదిలో ఉండేది, అద్దె కట్టలేక వెళ్లిపోయింది. ఇప్పుడు మొదటి బస్సు దొరికితేనే రాగలుగుతోంది, నేను కొట్టు తెరిచే టైమే మారిపోయింది. రైల్వే ఉద్యోగులు వస్తే నాకు బేరం పెరుగుతుంది, సంతోషమే, నేనేమీ వద్దనడం లేదు. కానీ వాళ్లకి వండిపెట్టే మనిషి, గిన్నెలు కడిగే మనిషి, వాళ్ల ఇళ్లు కట్టే మనిషి ఈ ఊళ్లో ఉండలేకపోతే ఊరెలా నడుస్తుంది?

సైట్ బాబ్జీ:
అక్క చెప్పినదానికి నా వైపు నుంచి చేర్చుతాను, నేను ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను. తాపీ మేస్త్రీలు చాలామంది బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వస్తారు, వారం పొడుగునా ఉండటానికి గది దొరకక, కట్టే ఇంట్లోనే సిమెంటు బస్తాల పక్కన పడుకుంటున్నారు.

ప్యాసింజర్ తమ్ముడూ, లేఅవుట్‌కి వెళ్లినప్పుడు గేటు, కొబ్బరి మొక్కలు చూడకు. దారి వెడల్పు కొలువు. ఇరవై అడుగులని కాగితంలో ఉంటుంది, రెండుపక్కలా గుమ్మం మెట్లు, ర్యాంపులు వచ్చాక పన్నెండే మిగులుతుంది. అప్పుడు సెప్టిక్ ట్యాంకు తోడే బండి లోపలికి రాదు. శివార్లలో డ్రైనేజీ పైపు ఉండదు కాబట్టి ప్రతి ఇంటికీ ట్యాంకే గతి. నాలుగు సెంట్లలో ముందు బోరు, వెనక ట్యాంకు, పక్కింటాయన ట్యాంకు సరిగ్గా నీ బోరు పక్కన. లేఅవుట్ నిండిన కొన్నేళ్లకి బోరు నీళ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? ఒక ఇంటికి వెళ్లాను, గోడ ఇవతల బోరు కేసింగు, అవతల ట్యాంకు మూత, మధ్యలో నా అడుగులు నాలుగు కూడా లేవు. ఆ ఇంటావిడ తాగే నీళ్ల డబ్బాలు కొంటోంది. కాబట్టి పక్క ప్లాట్లవాళ్లతో మాట్లాడుకుని ట్యాంకులన్నీ ఒకే వైపు, బోర్లన్నీ ఇంకోవైపు పెట్టుకునేలా మొదట్లోనే ఒప్పందం చేసుకోవాలి. ఇది చెప్తే ఎవరూ వినరు.

రాయగడ ఆడపడుచు:
నేను ఇప్పుడు బెంగళూరులో ఉంటాను, పుట్టిల్లు గాంధీనగర్. అందరివీ చదివాక ఒక సందేహం. భూమి అమ్మకానికి రాకపోవడం వల్లే రేట్లు ఇలా ఉంటే, 2023 నవంబరులో ఒడిశా క్యాబినెట్ ఆదివాసీలు సబ్‌కలెక్టర్ అనుమతితో అమ్ముకోవచ్చని నిర్ణయించింది కదా, గొడవయ్యాక ఆపేశారు. అది వచ్చుంటే ఆదివాసీలకీ మంచి రేటు దొరికేది, ఊరికీ జాగా దొరికేది. ఎవరి భూమి వాళ్లు అమ్ముకోవద్దంటే అది కూడా అన్యాయమే కదా?

మన్యం కుర్రాడు:
అక్కా, అడిగినందుకు సంతోషం, చాలామంది మనసులో అనుకుని ఊరుకుంటారు. అమ్ముకుంటే డబ్బొస్తుంది, నిజమే. ఆ డబ్బుతో మేం మళ్లీ ఇక్కడ భూమి కొనగలమా? మా నాన్న ఎకరం అమ్మితే వచ్చే డబ్బు ఇంట్లో పెళ్లి, జబ్బు, బండి, ఇంతకే సరి. తర్వాత ఆయన అదే భూమిలో కట్టిన ఇంటికి కూలీగా వెళ్తాడు. జిల్లాలో సగానికి పైగా మేమే, టౌన్‌లో ఇంటి ఓనర్లలో ఎంతమందిమి ఉన్నాం చూడండి.

కానీ ఆ 2023 నిర్ణయంలో ఇంకొక భాగం ఉంది, గొడవలో అది కొట్టుకుపోయింది. ఇప్పుడున్న రూలు ప్రకారం మేం భూమిని బ్యాంకులో తాకట్టు పెట్టాలంటే వ్యవసాయానికి మాత్రమే. ఇల్లు కట్టుకోవడానికి, వ్యాపారానికి, పిల్లల పై చదువులకి కూడా తాకట్టు పెట్టుకునే వీలు అందులో ఇచ్చారు. నాకు కావాల్సింది అదే. అమ్మకం వద్దు, లోను ఇవ్వండి. మా పెదనాన్నకి స్టేషన్‌కి సైకిలు దూరంలో జాగా ఉంది, పర్చా శుభ్రంగా ఉంది. లోకో షెడ్డు అన్న చెప్పిన గదులు, అక్క దగ్గర పనిచేసే అమ్మాయికి కావాల్సిన గది, బాబ్జీ అన్న మేస్త్రీలకి కావాల్సిన గది, అవన్నీ అక్కడ కట్టవచ్చు. కట్టడానికి డబ్బు లేదు, బ్యాంకు ఆ పర్చా మీద ఇంటి లోను ఇవ్వనంటుంది. అందుకే జాగా ఖాళీగా ఉంటుంది, పక్కన అద్దెలు మండుతుంటాయి, ఎవడో వచ్చి వేలిముద్ర అడుగుతుంటాడు. భూమి మా పేరునే ఉండి, ఇల్లు మేం కట్టి, అద్దె మేం తీసుకుంటే మీకొచ్చిన నష్టమేంటి? మీకు గది దొరుకుతుంది, మాకు నెలనెలా డబ్బొస్తుంది.

దస్తావేజు మావయ్య:
తమ్ముడి మాటలో న్యాయం ఉంది. ఒక జాగ్రత్త: లోను కట్టలేకపోతే ఆ భూమి ఎవరికి పోతుందన్నది చట్టంలో గట్టిగా రాయాలి. వేలం వేసినా ఆదివాసీయే కొనాలని ఉండాలి, లేకపోతే బ్యాంకు దారిలో అదే దోపిడీ జరుగుతుంది. తాకట్టు లేకుండా దొరికే దారి కూడా ఒకటుంది, 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో అద్దె ఇళ్లకి వేరే భాగమే పెట్టారు. మున్సిపాలిటీ ముందుకొచ్చి స్టేషన్ దగ్గర సర్కారు జాగాలో పనివాళ్లకి అద్దె గదులు కట్టించమని మన కౌన్సిలర్లని అడగాలి, ఇది అడిగినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు.

నాగావళి గట్టు:
అడగాలంటే మనం ఎంతమందిమో లెక్క ఉండాలి. ఇప్పటికీ నీళ్లకైనా రోడ్లకైనా 2011 లెక్కే పట్టుకుంటున్నారు. కొత్త జనాభా లెక్కలకి 2027 మార్చి 1 తేదీగా పెట్టారు, దానికి ముందు ఇళ్ల లెక్క జరుగుతుంది. శివారులో ఉన్నవాళ్లు చాలామంది "మేం పంచాయతీ, మాకేం సంబంధం" అనుకుంటారు. మున్సిపాలిటీ హద్దు దాటిన ఇళ్లలో పన్ను తక్కువని సంతోషిస్తారు, చెత్తబండి రాదని ఏడుస్తారు. అద్దెకున్న ప్రతి కుటుంబం, గదిలో నలుగురు ఉంటే నలుగురూ, ఇక్కడే పేరు రాయించుకోవాలి. సొంతూరు బొబ్బిలి అని అక్కడ రాయించుకుంటే ఇక్కడ మీకోసం కుళాయి ఎవరు వేస్తారు? ఎన్యూమరేటరుగా తిరిగిన అనుభవంతో చెప్తున్నాను, ఇంటాయన "అద్దెకెవరూ లేరండీ" అంటాడు, పన్ను పెంచుతారని భయం. వెనక గదుల్లో బట్టలు ఆరేసి ఉంటాయి. అద్దెకున్నవాళ్లే బయటికొచ్చి చెప్పాలి.

లోకో షెడ్డు తమ్ముడు:
మేస్టారూ, బాగా చెప్పారు. మా స్టాఫు వాట్సాప్ గ్రూపులో ఇది పెడతాను. ఇంకో మాట, వచ్చేవాళ్లలో కుర్రాళ్లు కూడా ఉంటారు, కొత్తగా చేరినవాళ్లు, వాళ్లకి విశాఖలో ఇల్లేమీ లేదు. వాళ్లు ఇక్కడే పెళ్లి చేసుకుని ఇక్కడే బడిలో పిల్లల్ని వేస్తారు. ఊరు నిజంగా పెరిగేది వాళ్లతోనే, కాకపోతే ఈ నెలాఖరుకి మాత్రం కాదు.

పార్వతీపురం ప్యాసింజర్:
అందరికీ నమస్కారం మళ్లీ. మావయ్యగారు చెప్పినట్టు బంధువుని ఖాతా నంబరు అడిగాను, రెండ్రోజులు తిప్పి ఇచ్చాడు. భూలేఖ్‌లో చూస్తే రైతు జాతి దగ్గర కోంధో అని ఉంది, అంటే ఆదివాసీ భూమే, కిసమ్ పొలమే. నాన్నగారికి చూపించాను. ఆయన ఎక్కువ మాట్లాడరు, "వాళ్ల భూమి మనకొద్దురా" అన్నారు, అంతే. బంధువుకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను, కాస్త మాట పట్టింపు వచ్చింది, రానీండి.

ఇప్పుడు నాకు కావాల్సింది అమ్మానాన్నలకి ఒక పోర్షన్. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి కింద వాటా, రెండు గదులు, కుళాయి నీళ్లు ఉంటే చాలు. హాస్పిటల్‌కి మరీ దూరం కాకూడదు. అగ్రిమెంటు రాసుకుని, మూడేళ్లదాకా ఖాళీ చేయమనకుండా ఉండే ఓనరు ఎవరైనా తెలిస్తే చెప్పండి.

కస్తూరినగర్ అక్క:
మా వీధి చివర ఒక టీచరమ్మ గారి కింద వాటా ఈ నెలాఖరుకి ఖాళీ అవుతోంది. వాళ్లు ముసలివాళ్లకైతే ఇస్తామని, బ్యాచిలర్లకి వద్దని అంటున్నారు. అమ్మగారిని తీసుకుని కొట్టు దగ్గరికి రండి, నేను వెంట వచ్చి చూపిస్తాను. మెట్లు రెండే, నేను చూశాను.

దస్తావేజు మావయ్య:
అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకి రాసి ఊరుకోకండి. మూడేళ్లకే రాసుకుని రిజిస్టరు చేయించండి, ఏడాదికి ఎంత పెంచుతారో అందులోనే ఉండాలి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారా ఇవ్వండి. మన్యం తమ్ముడూ, మీ పెదనాన్నగారి పర్చా నంబరు నాకు ప్రైవేటుగా పంపు, ఘరబారిగా మార్చడానికి కాగితాలు నేను రాసిపెడతాను, డబ్బేమీ వద్దు. లోను సంగతి తర్వాత, ముందు ఆ జాగా ఇల్లు కట్టుకునే జాగాగా కాగితంలోకి ఎక్కనీ.

మన్యం కుర్రాడు:
పంపించాను మావయ్యా. పెదనాన్న సోమవారం తహసీలుకి వస్తానన్నారు.